నాన్నలు పట్టాలెక్కించిన బొమ్మ రైలు

బొమ్మ రైళ్ల మీద ఇష్టం ఉన్నవాళ్లకు హార్న్‌బీ పేరు కొత్తకాదు. కానీ ఫ్రాంక్ హార్న్‌బీ మొదట బొమ్మల వ్యాపారి కాడు. లివర్‌పూల్‌లో మాంసం దిగుమతి చేసే ఒక వర్తకుడి దగ్గర లెక్కలు రాసే గుమాస్తా.

కొడుకులు రోలాండ్, డగ్లస్‌ల కోసం ఇంట్లోనే రేకు కత్తిరించి క్రేన్లు, వంతెనలు చేసిపెట్టేవాడు. ఒక బొమ్మకని కోసిన ముక్క ఇంకో బొమ్మకు పనికొచ్చేది కాదు. అక్కడే ఆలోచన తట్టింది. పట్టీలన్నిటికీ అరంగుళం ఎడంతో ఒకే కొలత రంధ్రాలు వేస్తే, నట్లు బోల్టులు విప్పి ఇవాళ్టి క్రేన్‌ను రేపు వంతెనగా మార్చుకోవచ్చు. యజమాని దగ్గర అప్పు తీసుకుని 1901లో పేటెంట్ పొందాడు. అదే 1907లో మెకానో అయింది. 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లు వచ్చాయి. ఆయన పోయిన రెండేళ్లకు, 1938లో, బల్ల మీద ఇమిడే డబ్లో రైళ్లు వచ్చాయి.

అమెరికాలో ఇలాంటి మరో నాన్న, మిల్టన్ రైట్ అనే బిషప్, 1878లో రబ్బరు బ్యాండుతో ఎగిరే బొమ్మ హెలికాప్టర్ ఇంటికి తెచ్చాడు. ఆయన కొడుకులు, అంటే తర్వాత విమానం చేసిన రైట్ సోదరులు, పదకొండేళ్ల విల్బర్, ఏడేళ్ల ఆర్విల్ అది విరిగేదాకా ఆడుకుని, తర్వాత అలాంటివి సొంతంగా చేయడం మొదలుపెట్టారు. తండ్రి తెచ్చింది ఒక్క బొమ్మే.

మన దగ్గర ఈ బొమ్మ రైళ్ల సరదాకు తార్నాకను మించిన చోటు ఉండదు. ఉస్మానియా క్యాంపస్‌కు దగ్గర్లోనే నిజాం రైల్వే కాలం నాటి లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్, 1957లో మొదలైన ఇరిసెట్ ఉన్నాయి. సిగ్నల్, టెలికాం ఉద్యోగులకు శిక్షణనిచ్చే ఇరిసెట్‌లో మోడల్ రూమ్ ఉంది. చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్ల మీదే అక్కడ పాఠం. నిజం రైళ్లు నడిపేవాళ్లే నమూనాను ఇంతగా నమ్ముతుంటే, దాన్ని పిల్లల ఆటగా తీసిపారేయడం అన్యాయం.

నమూనాకు ప్రాణం కొలత. హెచ్‌ఓ స్కేలు అంటే 87లో ఒక వంతు. 21.3 మీటర్ల ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రైలు పెట్టె ఈ కొలతలో సుమారు 24.5 సెంటీమీటర్లవుతుంది. చిక్కంతా పట్టాల దగ్గర వస్తుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం బొమ్మ పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది యూరప్, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కు చేసింది. అందుకే దాని మీద మన పెట్టె నిలబెడితే, కింద చక్రాలు దగ్గరపడి కనిపిస్తాయి. కొందరు సర్దుకుపోతారు, కొందరు పట్టాలు సొంతంగా వేసుకుంటారు. ఆ రెండోవాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

ముషీరాబాద్, తార్నాక, లాలాగూడల్లోని అమ్మానాన్నలు ఈ ఆదివారం పిల్లలతో కలిసి అట్ట మీద ఒక రైలు పెట్టె గీయండి. 87తో భాగించే పని వాళ్లకే వదిలేయండి. కిట్టు కొనే మాట తర్వాత చూసుకోవచ్చు.