టీనేజీలోనే ఫాంటసీ నవల: పుస్తకం వెనుక ఇంటివాళ్ల పాత్ర ఎంత?

2002 వేసవిలో అమెరికన్ నవలాకారుడు కార్ల్ హయసెన్ కుటుంబంతో కలిసి మోంటానా రాష్ట్రానికి సెలవులకు వెళ్లారు. అక్కడి ఓ పుస్తకాల షాపులో ఆయన సవతి కొడుకు 'ఎరగాన్' అనే నవల కొనుక్కున్నాడు. డ్రాగన్ గుడ్డు దొరికిన పల్లెటూరి కుర్రాడి కథ అది. పిల్లాడికి తెగ నచ్చేసింది. హయసెన్ ఈ సంగతి తన పుస్తకాలు వేసే క్నాఫ్ సంస్థకు చెప్పారు. 2003 ఆగస్టులో క్నాఫ్ ఆ నవలను మళ్లీ అచ్చువేసింది. రచయిత క్రిస్టఫర్ పావోలీనీకి అప్పటికి 19 ఏళ్లు. 'ఎరగాన్'తో మొదలైన నాలుగు నవలల వరుస ఆ తర్వాత 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైంది.

ఈ కథను రెండు రకాలుగా చెబుతుంటారు. అభిమానులు చెప్పేది 15 ఏళ్లకే కలం పట్టిన బాలమేధావి కథ. గిట్టనివాళ్లు చెప్పేది అమ్మానాన్నలకు సొంత ప్రచురణ సంస్థ ఉన్న అబ్బాయి కథ. సినిమా వారసుల మీద మన దగ్గర జరిగే వాదనలాంటిదే ఇదీ. రెండిట్లోనూ నిజం ఉంది కానీ, అసలు ఇంట్లో ఏం జరిగిందో రెండూ చెప్పవు.

పావోలీనీ బడికి వెళ్లలేదు. మాంటిస్సోరి టీచర్‌గా పనిచేసిన తల్లి ఇంట్లోనే చదువు చెప్పారు. 15 ఏళ్లకే హైస్కూలు చదువు పూర్తవడంతో బోలెడంత ఖాళీ సమయం దొరికింది. మొదటి చిత్తుప్రతికి ఒక ఏడాది, దాన్ని తిరగరాయడానికి మరో ఏడాది పట్టింది. అప్పుడు చదివిన తల్లిదండ్రులు పుస్తకం తామే వేయాలని నిర్ణయించుకున్నారు. దిద్దుబాట్లు, పేజీల అమరిక, అచ్చు, ప్రచారం అన్నీ ఇంటిపనే అయ్యాయి. ముఖచిత్రం మీది డ్రాగన్ కన్నూ, లోపలి పటాలూ కుర్రాడే గీశాడు. మధ్యయుగపు వేషం వేసుకుని స్కూళ్లు, లైబ్రరీలు, పుస్తకాల షాపుల్లో 135కు పైగా ప్రసంగాలు చేశాడు.

ఆ కుటుంబం అప్పట్లో సంపాదించింది దాదాపు ఏమీ లేదు. ఇంకొన్ని నెలలు ఆలస్యమై ఉంటే ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చేదని పావోలీనీ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. కాబట్టి ఇక్కడ కుటుంబం ఇచ్చింది పలుకుబడి కాదు. అచ్చుపని తెలిసిన చేతులు, రాసుకోవడానికి తీరిక, ఇల్లు పణంగా పెట్టే తెగింపు ఇచ్చింది. పెద్ద సంస్థ తలుపు తెరిచింది మాత్రం వేరే రచయిత ఇంటి పిల్లాడు. పావోలీనీలకు వాళ్లు బంధువులేమీ కారు.

పరిచయాలు ఉన్నంత మాత్రాన పని జరుగుతుందన్న హామీ కూడా లేదు. మేరీ షెల్లీ సంగతే చూడండి. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, తండ్రి విలియం గాడ్విన్, భర్త కవి పెర్సీ షెల్లీ. ఇంగ్లండ్ సాహిత్య లోకంలో అంతకు మించిన చుట్టరికం దొరకదు. 18 ఏళ్ల వయసులో, 1816లో ఆమె మొదలుపెట్టిన 'ఫ్రాంకెన్‌స్టీన్'ను బైరన్ పుస్తకాలు వేసే జాన్ మర్రే కాదన్నారు. పెర్సీ ప్రచురణకర్త ఆలియర్ కూడా వద్దన్నారు. చివరికి మరో సంస్థ 1818లో 500 ప్రతులు వేసింది, అదీ రచయిత్రి పేరు లేకుండా. ముందుమాట పెర్సీది, అంకితం గాడ్విన్‌కు. దాంతో రాసింది పెర్సీయే అని చాలామంది అనుకున్నారు. చేతిరాత ప్రతిలో పెర్సీ దిద్దుబాట్లు ఎన్ని, అవి ఎంత ముఖ్యమైనవి అన్న చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది. పేరున్న ఇంటి నుంచి వచ్చిన కుర్ర రచయితకు ఇదో శిక్ష. పుస్తకం బాగుంటే ఆ ఘనత ఇంట్లో పెద్దవాళ్లకు పోతుంది.

ఏ చుట్టరికమూ లేకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. చైనాలో పుట్టి ఏడేళ్లకు అమెరికా చేరిన నాన్సీ యీ ఫాన్ పక్షుల యుద్ధం మీద 'స్వోర్డ్‌బర్డ్' అనే నవల రాసి, ప్రచురణ సంస్థల అధిపతులకు నేరుగా ఈమెయిల్ చేసింది. హార్పర్‌కాలిన్స్ సీఈఓ జేన్ ఫ్రీడ్‌మన్ స్పందించారు. 2007లో పుస్తకం వచ్చేనాటికి ఆ అమ్మాయికి 13 ఏళ్లు. ఇలాంటివి అరుదు. పైగా 13 ఏళ్ల వయసు కూడా అమ్ముడుపోయే సరుకే అని ప్రచురణకర్తలకు బాగా తెలుసు.

మన దేశంలో సంహిత అర్ని ఎనిమిదేళ్లకు మొదలుపెట్టి, తానే బొమ్మలు వేసుకుంటూ చెప్పిన మహాభారతాన్ని చెన్నైకి చెందిన తారా బుక్స్ 1996లో ప్రచురించింది. ఒక సంస్థ చదివి, ఎంచుకుని, తన ఖర్చుతో వేసిన పుస్తకం అది. ఇప్పుడు పిల్లల పేరుతో వచ్చే ఇంగ్లిష్ ఫాంటసీల్లో డబ్బు కట్టించుకుని అచ్చువేసే సంస్థలవీ ఉంటున్నాయి. ప్యాకేజీ తల్లిదండ్రులు కడతారు, ఆవిష్కరణ సభ వాళ్లే పెడతారు. పావోలీనీ తల్లిదండ్రులు చేసిందీ ఇదే కదా అనిపించవచ్చు. తేడా ఏమిటంటే, కుర్రాడు రెండో ఏడాదంతా తిరగరాశాకే వాళ్లు అచ్చుకు వెళ్లారు. తర్వాత పుస్తకాలను ముక్కూమొహం తెలియని వాళ్లకు అమ్మాల్సి వచ్చింది.

కుటుంబం పాత్ర గురించి మాట్లాడేటప్పుడు పెద్దగా గుర్తుకురాని పేరు బార్బరా న్యూహాల్ ఫాలెట్. 'ఎరగాన్'కు 76 ఏళ్ల ముందు, 1927లో, అదే క్నాఫ్ సంస్థ ఆమె నవల 'ది హౌస్ వితౌట్ విండోస్' ప్రచురించింది. ఆమెకు 12 ఏళ్లు. ఇల్లు వదిలి అడవిలో జంతువులతో బతకడానికి వెళ్లిపోయే ఓ పిల్ల కథ అది. తండ్రి విల్సన్ ఫాలెట్ అప్పుడు క్నాఫ్‌లోనే సంపాదకుడు. అంటే ఇది నేరుగా నాన్న తెరిచిన తలుపే. అయినా శ్రమ మాత్రం ఆమెదే. మొదటి ప్రతి 1923లో ఇంటికి నిప్పంటుకుని కాలిపోతే, మళ్లీ మొదటినుంచీ రాసింది. సమీక్షకులు మెచ్చుకున్నారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగం చూసే ఆన్ కారల్ మూర్ మాత్రం ఇంత చిన్న వయసులో రచయితగా బయటికి రావడం ఆ పిల్లకు మంచిదేనా అని అడిగారు. బార్బరాకు ఆ మాట నచ్చలేదు, ఘాటుగానే జవాబు రాసింది.

1928లో రెండో పుస్తకం వచ్చింది. దాదాపు అదే సమయంలో తండ్రి వేరే మహిళ కోసం ఇల్లు వదిలి వెళ్లిపోయారు. చదివి, దిద్ది, సంస్థకు చేర్చిన మనిషి ఆయనే. డబ్బుకు ఇబ్బందై, మహా మాంద్యం రోజుల్లో 16 ఏళ్లకే బార్బరా న్యూయార్క్‌లో సెక్రటరీ ఉద్యోగంలో చేరింది. తర్వాత కూడా రాసింది కానీ, ఆమె బతికుండగా మరో పుస్తకం అచ్చుకాలేదు. 1939 డిసెంబరు 7న భర్తతో గొడవపడి, 30 డాలర్లతో మసాచుసెట్స్‌లోని తన అపార్ట్‌మెంట్ నుంచి బయటికి నడిచి వెళ్లింది. అప్పటికి ఆమెకు 25 ఏళ్లు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు.