మన ఊరి వంతెనల మీద ఒక పరుగు

కర్నూలులో పొద్దున్నే పరుగెత్తేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చాలామంది మైదానం చుట్టూ తిరుగుతారు. నేను మాత్రం కొన్నేళ్లుగా వంతెనలను కలుపుకుంటూ పరుగెత్తుతున్నాను. కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి, హంద్రీ దాటి, కేసీ కాలువను చూసుకుని, చివరికి తుంగభద్ర వంతెన చేరతాను. వృత్తి ఇంజనీరింగు కాబట్టి, వంతెన కనిపిస్తే కిందికి తొంగిచూడకుండా ఉండలేను.

ఈ దారిలో అన్నిటికన్నా విచిత్రమైన వంతెన మీద మనుషులు కాదు, నీళ్లు నడుస్తాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరిన కేసీ కాలువ మన ఊళ్లో హంద్రీకి అడ్డుపడుతుంది. కాలువ నీళ్లు నదిలో కలిసిపోతే కడప దాకా పోవు. అందుకే కాలువను నది మీదుగా దాటించారు. కింద ఏరు, పైన కాలువ. చిన్నప్పుడు మనమంతా చూసిందే గానీ, అదెంత పెద్ద పనో అప్పుడు తెలియదు.

ఆ కాలువ తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ. 1863లో పని మొదలై 1871 నాటికి పూర్తయింది. పొడవు సుమారు 306 కిలోమీటర్లు. పొలాలకు నీళ్లూ పారాలి, పడవలూ నడవాలి అని లాకులతో సహా కట్టారు. అయితే కంపెనీ అనుకున్న ఆదాయం రాలేదు. వానను నమ్ముకుని జొన్న, కొర్ర వేసుకునే నల్లరేగడి రైతు, డబ్బు కట్టి నీళ్లు పెట్టుకోవడానికి ముందుకు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. కంపెనీ పోయింది, కాలువ నిలిచింది. కృష్ణా పరీవాహకంలోని నీళ్లు గట్టు దాటి కుందూలోకి, పెన్నా వైపుకు పోతాయి. రాజోలి, ఆదినిమ్మాయపల్లె ఆనకట్టల సాయంతో కడప జిల్లా పొలాలు తడుస్తాయి. మన రెండు జిల్లాల బంధుత్వంలో ఈ నీళ్లకూ భాగముంది.

తుంగభద్ర వంతెన కథ వేరు. ఒకప్పుడు ఈ ఒడ్డు మద్రాసుది, ఆ ఒడ్డు నైజాముది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కూడా ఆ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రమే. 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి, రాజధాని ఏరు దాటి వెళ్లిపోయింది. 2014 జూన్ 2 నుంచి మళ్లీ అవతలిది వేరే రాష్ట్రం. మనకు చుట్టాలు మాత్రం రెండు పక్కలా ఉన్నారు.

ఇక 2009 అక్టోబరు 2. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. మన బ్యాచ్‌లవాళ్లలో ఇళ్లూ దుకాణాలూ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. పెద్ద నది నిండుగా ఉన్నప్పుడు అందులో కలవాల్సిన ఉపనదికి దారి దొరకదు, నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. హంద్రీ సంవత్సరంలో ఎక్కువ రోజులు ఎండి, ముళ్లకంపతో, చెత్తతో కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఖాళీ జాగా అనుకుంటాం. నూటయాభై ఏళ్ల కిందట కాలువను దాటించినవాళ్లు కూడా ఆ ఎండిన ఇసుకనే చూసి ఉంటారు. అయినా వరదకు దారి వదిలి కమానులు కట్టారు. వంతెనలో ఇంజనీరు ముందుగా లెక్కవేసేది పైన రోడ్డును కాదు, కింద వదలాల్సిన ఖాళీని. ఆ ఖాళీ నదికి మనం పడ్డ బాకీ. ఒడ్డున మట్టి పోసి ఒక్కో గజం పూడ్చేకొద్దీ ఆ బాకీ పెరుగుతుంది, వానల నెలలో ఏరు వచ్చి వసూలు చేసుకుంటుంది.

స్వర్ణోత్సవాలకు దూరప్రాంతాల నుంచి వచ్చే మిత్రులకు నాదొక మనవి. ఒక పొద్దున బూట్లు వేసుకుని రండి. పరుగెత్తలేనివాళ్లు నడిచినా సరే. మీ పిల్లల్ని, మనవల్ని కూడా తీసుకురండి. ప్రతి వంతెన దగ్గరా ఒక్క నిమిషం ఆగి కిందికి చూద్దాం. నదికి దారి ఎంత మిగిలిందో వాళ్ల కళ్లతో వాళ్లనే కొలవనిద్దాం. రేపు ఈ ఊళ్లో ఇళ్లు కట్టేదీ, కట్టకూడని చోట వద్దనేదీ వాళ్లే కదా.