చేపల వినియోగ హెచ్చరిక

కలుషితమైన చెరువు, నది లేదా తీరంలో పట్టిన చేపలను తినవద్దని, లేదా పరిమితంగానే తినాలని ప్రజారోగ్య అధికారులు చేసే ప్రకటన. ఏ నీటివనరు, ఏ జాతి చేప, ఎవరు తినకూడదు అనే మూడు వివరాలు ఇందులో ముఖ్యం. గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు సాధారణంగా కఠినమైన పరిమితి ఉంటుంది.

నేపథ్యం: 1956లో జపాన్‌లోని మినమాటాలో గుర్తించిన నరాల వ్యాధికి, రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన మిథైల్ పాదరసం చేపల ద్వారా మనుషుల్లోకి చేరడమే కారణమని తేలింది. చిన్న చేపను పెద్ద చేప తినేకొద్దీ పాదరసం మోతాదు పెరుగుతుంది. అందుకే వేటాడి బతికే కొర్రమీను, వాలుగ వంటి చేపలపై ప్రత్యేక నిఘా అవసరం. పాదరసం కండలో చేరుతుంది కనుక ఉప్పు, పసుపు పట్టించి కడిగినా, పులుసు ఎంత మరిగించినా పోదు. ఎర్రటి మొప్పలు, మెరిసే కళ్లు తాజాదనానికే గుర్తు, విషం లేదనడానికి కాదు.

తెలంగాణలో: పటాన్‌చెరు ప్రాంతపు ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అత్యధిక స్థాయిలో ఉన్నట్లు 2007లో వెలువడిన పరిశోధన చూపింది. 2017లో సమీపంలోని గండిగూడెం చెరువులో చేపలు పెద్దఎత్తున చనిపోయాయి.

జోగులాంబ గద్వాల జిల్లాలో పత్తి విత్తన సాగు విస్తారం. పురుగుమందు కొట్టిన పొలాల నీరు చేరే కుంటల్లో తేలిన చేపలను ఏరుకోకపోవడం కనీస జాగ్రత్త.