మానసిక చికిత్సాలయం పట్ల జనసామాన్యపు భయం: చారిత్రక మూలాలు

1. ప్రవేశిక
మానసిక వ్యాధికి వైద్యం చేయించడానికి అనేక తెలుగు కుటుంబాలు నేటికీ జంకుతాయి. ఇందుకు మూఢనమ్మకమే కారణమనడం పరిపాటి. అయితే మూఢనమ్మకాలను నిరసించే విద్యావంతులు సైతం 'ఎర్రగడ్డ' అనే ఊరిపేరును ఎగతాళిగా వాడుతారు. కేవలం అజ్ఞానంతో ఈ వాడుకను వివరించలేం. ఆ భయానికి మూలం చికిత్సాలయాల పుట్టుకలోనే ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వైద్యానికి ముందు నిర్బంధం
ఉన్మాదాన్ని ఆయుర్వేదం వ్యాధిగానే పరిగణించింది. చరకసంహిత దాని నిదానాన్నీ చికిత్సనూ వివరించింది. ఆయుర్వేద అష్టాంగాలలో భూతవిద్య కూడా ఒకటి కావడంతో ఔషధమూ గ్రహశాంతీ పక్కపక్కనే సాగాయి.

ఆంగ్లేయుల పాలనలో ఈ వ్యాధి శాంతిభద్రతల సమస్యగా మారింది. మద్రాసులో 1794లోనే ఉన్మాదుల శరణాలయం వెలసింది. 1858 నాటి చట్టం ప్రకారం, వీధులలో తిరుగాడే ఉన్మాదులను పోలీసులు పట్టుకొని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. ఆయన ఉత్తర్వుతో వారిని శరణాలయానికి పంపాలి. 1912 నాటి చట్టం స్వచ్ఛందంగా చేరడానికి కొంత వీలు కల్పించినా, మేజిస్ట్రేటు ఉత్తర్వునే ప్రధానమార్గంగా నిలిపింది. నిజాం రాజ్యంలో పాలన వేరైనా పరిస్థితి భిన్నంగా లేదు. అక్కడ మానసిక రోగులను తొలుత చంచల్‌గూడ జైలు ఆవరణలోనే ఉంచారు. తరువాత జాల్నాకు తరలిన ఆ సంస్థ, 1953లో ఎర్రగడ్డకు చేరింది.

పోలీసు, న్యాయస్థానం, జైలు అనే మూడు గుర్తులతో పరిచయమైన సంస్థను ప్రజలు ఆసుపత్రిగా కాక చెరగా భావించడం సహజం.

3. పేరు మారినా మారని స్వరూపం
1920వ దశకంలో శరణాలయాలకు మానసిక ఆసుపత్రులన్న పేరు వచ్చింది. కాని 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదికలో, ఈ ఆసుపత్రులను పరిశీలించిన మూర్ టేలర్, వీటిలో అధికభాగం రోగనివారణకు కాక నిర్బంధానికి అనువుగా నిర్మించినవేనని తేల్చారు. అంటే ప్రజల భయాన్ని ప్రభుత్వ నివేదికే సమర్థించినట్లయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. సంకెళ్లు ఆసుపత్రులకే పరిమితం కాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో జరిగిన అగ్నిప్రమాదంలో, గొలుసులతో కట్టివేసి ఉన్న 25 మందికి పైగా రోగులు మరణించారు. అయితే ఈ ఘటన పై వాదాన్ని ఖండించదు. మరింత తీవ్రం చేస్తుంది. ఆసుపత్రిని చెరగా భావించి దూరం పెట్టిన కుటుంబానికి దొరికిన ప్రత్యామ్నాయం కూడా చెరే అయింది.

4. హక్కుగా వైద్యం
2018లో అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, వైద్యం పొందడాన్ని ప్రతి వ్యక్తి హక్కుగా ప్రకటించింది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని శాసించింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవాడిగా భావించాలే తప్ప శిక్షించరాదని 115వ సెక్షన్ పేర్కొంది. చట్టం దృష్టిలో ఉన్మాది రోగిగా, రోగి హక్కులున్న పౌరుడిగా మారడానికి ఒకటిన్నర శతాబ్దికి పైగా పట్టింది.

5. ముగింపు
చట్టం మారినంత వేగంగా వాడుకభాష మారలేదు. 'పిచ్చాసుపత్రి' అనే మాటలో పాత సంకెళ్ల జ్ఞాపకం మిగిలే ఉంది. కనుక ప్రజలలో అవగాహన లేదని నిందించడంతో సరిపోదు. వారి భయం ఒకప్పటి వాస్తవం నుంచి పుట్టిందని అంగీకరించి, ఆ వాస్తవం మారిందని చికిత్సాలయాలు తమ ఆచరణ ద్వారా చూపినప్పుడే రోగి కుటుంబం ఆ గడప తొక్కుతుంది.