ఎక్కించిన రక్తము – ఎవరి పూచీ?

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ పేటలు మునిగినప్పుడు ఉద్యోగులు ఇంటింటికి తిరిగి నష్టము వ్రాసికొనిరి. గండి యెచ్చట పడినదో అందరును ఎరుగుదురు. నీరెంతవరకు వచ్చినదో గోడమీది మరకయే చెప్పెను. ఎక్కించిన రక్తము వలన సోకిన రోగమునకు అట్టి మరక యుండదు. ఎన్నో ఏండ్లు గడచిన పిమ్మట ఏ జ్వరమో, కామెర్లో వచ్చి పరీక్ష చేయించినగాని సంగతి బయటపడదు. అది ఆనాటి రక్తము వలననే వచ్చినదని ఋజువు చేయవలసినవారెవరు? ఈ వ్యాజ్యముల చరిత్ర యంతయు నీ ప్రశ్న చుట్టును తిరిగినది.

మన దేశమున రక్తము అమ్ముకొని పొట్టపోసికొనిన అభాగ్యులు చాలకాలముండిరి. కామన్ కాజ్ సంస్థ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 జనవరి 4వ తేదీన తీర్పు చెప్పుచు, లైసెన్సులేని రక్తనిధులు పనిచేయరాదనియు, రెండేండ్లలో రక్తవిక్రయము మాన్పవలెననియు ఆదేశించెను. అంతకు కొలదివారముల ముందే, 1995 నవంబరులో, వైద్యసేవ వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని అదే న్యాయస్థానము తేల్చినది. దానితో రోగికి జిల్లా ఫోరము తలుపు తెరచుకొనినది. అయితే అందరికిని పూర్తిగా ఉచితముగ వైద్యము చేయు ఆస్పత్రులకు ఆ చట్టము వర్తింపదు. పేదవాడు పోవునది అచ్చటికే గదా!

అమ్ముడుపోయిన రక్తము చెడ్డది, అయినవారి రక్తము మంచిది అను నమ్మకము మన ఇండ్లలో బలమైనది. 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనము ముందుకు వచ్చిన సింగరేణి కాలరీస్ వ్యాజ్యము ఈ నమ్మకమును కదిలించినది. శస్త్రచికిత్సకు వచ్చిన స్త్రీకి తోబుట్టువే రక్తమిచ్చెను. ఆ రక్తమునకు హెచ్.ఐ.వి. పరీక్ష చేయలేదు, ఆమెకు వ్యాధి సోకినది. ఇచ్చినవాడు ప్రేమతోనే యిచ్చెను. పరీక్షింపవలసిన బాధ్యత మాత్రము ఆస్పత్రిది. న్యాయస్థానము ఆ అశ్రద్ధను గుర్తించి, జీవించు హక్కును చెప్పు రాజ్యాంగపు 21వ అధికరణము వెలుగులో విషయమును విచారించినది.

ఋజువు సంగతి మరింత స్పష్టమగుటకు ఇంకను ఇరువదియొక్క ఏండ్లకు పైగా పట్టినది. 2002లో సరిహద్దున సేనలు మోహరించియుండగా, జబ్బుపడిన ఒక వైమానిక దళ ఉద్యోగికి సాంబాలోని సైనిక ఆస్పత్రిలో రక్తమెక్కించిరి. పండ్రెండేండ్లకు, 2014లో, హెచ్.ఐ.వి. బయటపడినది. అశ్రద్ధను నిరూపించు నిపుణుల సాక్ష్యము లేదని జాతీయ వినియోగదారుల కమిషను అతని కోరికను త్రోసివేసెను. 2023 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు దానిని మార్చి, సుమారు 1 కోటి 54 లక్షల రూపాయల పరిహారము విధించినది. మంచముపై పడియున్న రోగి రక్తపు సీసా పుట్టుపూర్వోత్తరము లెట్లెరుగును? దస్తావేజులన్నియు ఆస్పత్రి బీరువాలో నుండగా, సాక్ష్యము తెమ్మని అతనినే అడుగుట మా దృష్టిలో న్యాయము కాదు.

ఇచ్చట వైద్యుల పక్షమున ఒక మాట చెప్పవలెను. రోగబీజము ప్రవేశించిన తొలిదినములలో అది పరీక్షకు చిక్కకపోవచ్చును. ఎవరి తప్పును లేకయే హాని జరుగవచ్చును. కొలదివారములకొకసారి రక్తమెక్కించుకొనవలసిన తలసేమియా పిల్లలకు ఈ గండము ప్రతిసారియు పొంచియే యుండును. అట్టివారు ఎవరిపై దావా వేయుదురు? ఫ్రాన్సు దేశము 1991 చివర చట్టము చేసి, తప్పు ఋజువు చేయనక్కరలేకుండ పరిహారమిచ్చు నిధి నేర్పరచినది. బ్రిటనులో ముప్పదివేల మందికి పైగా కలుషిత రక్తము వలన రోగగ్రస్తులైరని విచారణ సంఘము 2024 మే నెలలో నివేదించిన పిదప, పరిహారమునకై ప్రభుత్వము 1,180 కోట్ల పౌనులు కేటాయించినది. మనకట్టి నిధి లేదు. ఎవరి దావా వారే వేసికొనవలెను.

కోర్టుకెక్కిన పేరు బజారున పడునను భయమే చాలమందిని ఇంటిలోనే ఉంచినది. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టము ఇందులకు కొంత ఉపశమనము కల్పించినది. బాధితుడు కోరినయెడల అసలు పేరును దాచి, మారుపేరుతోనే వ్యాజ్యము నడుపుటకు న్యాయస్థానమునకు వీలు కలదు.