ఆరుబయట నిద్ర కోర్టుకెక్కిన వైనం

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరుంది. జనాభా 38 వేలకు అటూ ఇటూ. అక్కడి పార్కులో దుప్పటి పరిచి పడుకుంటే 295 డాలర్ల జరిమానా ఉండేది. సకాలంలో కట్టకపోతే అది 537 డాలర్లు దాటేది. మళ్లీ మళ్లీ దొరికితే పార్కులోకే రానిచ్చేవారు కాదు, వస్తే 30 రోజుల వరకూ జైలు. ఈ నిబంధనలు చెల్లుతాయని 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఇల్లులేనివాళ్ల తరఫు లాయర్లు అరవై ఏళ్లుగా పేర్చుకుంటూ వచ్చిన వాదం దాంతో కూలింది.

ఆ వాదం మొదలైంది నిద్ర దగ్గర కాదు, మత్తుసూది దగ్గర. లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒకతని చేతుల మీద సూదిగాట్లు చూసి పట్టుకున్నారు. కాలిఫోర్నియాలో అప్పట్లో మత్తుకు బానిసై ఉండటమే నేరం, కనీసం 90 రోజుల జైలు. మనిషి చేసిన పనికి శిక్ష వేయొచ్చు గానీ అతనున్న స్థితికి వేయకూడదని, అది రాజ్యాంగం ఎనిమిదో సవరణ వద్దన్న క్రూరమైన శిక్ష అవుతుందని 1962లో సుప్రీంకోర్టు అంది. అప్పటికి ఆ మనిషి పోయి పది నెలలైంది. కోర్టుకు ఆ సంగతే తెలియదు.

ఆరేళ్లకు టెక్సస్ నుంచి ఒక తాగుబోతు కేసు వచ్చింది. తాగి రోడ్డు మీదికి వచ్చినందుకు వేసిన జరిమానా 5-4తో నిలబడింది. ఆ అయిదో ఓటు వేసిన జస్టిస్ బైరన్ వైట్ మాత్రం విడిగా తన మాట రాసుకున్నారు. ఇల్లే లేని తాగుబోతు రోడ్డు మీద కాక ఎక్కడుంటాడు, తప్పించుకోలేనివాడిని శిక్షించడం న్యాయమేనా అని. ఓడిన కేసులో ఒకే ఒక్క జడ్జి రాసిన ఆ నాలుగు మాటలనే తర్వాతి లాయర్లు పట్టుకున్నారు.

అప్పటిదాకా నగరాల చేతిలో ఉన్న ఆయుధం, ఊరికే తిరిగేవాళ్లను పట్టుకునే దేశదిమ్మరి చట్టం. దాని వేర్లు ఇంగ్లండులో, 1349లో ప్లేగు వల్ల కూలీలు కరువైనప్పుడు తెచ్చిన శాసనాల్లో ఉన్నాయి. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాలు అదే చట్టంతో నల్లవాళ్లను బానిసత్వం పోయినా మళ్లీ పొలాలకు కట్టేశాయి. 1972లో జాక్సన్‌విల్ నగరపు చట్టాన్ని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. గారడీవాళ్లు, రాత్రిళ్లు తిరిగేవాళ్లు అంటూ సాగిన ఆ జాబితాలో ఎవరినైనా ఇరికించొచ్చు, అంత అస్పష్టమైన చట్టం చెల్లదంది. గొప్ప గెలుపే. కానీ నగరాలు దాన్నుంచి నేర్చుకున్న పాఠం స్పష్టంగా రాయడం. కాలిబాట మీద కూర్చోరాదు, పడుకోరాదు, పార్కులో మకాం వేయరాదు. ఇందులో అస్పష్టత ఎక్కడుంది?

అప్పుడు పాత సూది కేసు అక్కరకొచ్చింది. 1988లో మయామీలో వేసిన దావాపై 1992లో ఫెడరల్ జడ్జి క్లైడ్ అట్కిన్స్ తీర్పిచ్చారు. నగరంలో ఇల్లులేనివాళ్లు సుమారు 6,000 మంది, ఆశ్రయాల్లో మంచాలు 700 కూడా లేవు. చోటు లేనివాడు బయట పడుకోవడం అతని స్థితిలో భాగమే, దానికి అరెస్టు చేయకూడదన్నారు. వాదం అక్కణ్నుంచి మంచాల లెక్క మీద నడిచింది. 2006లో లాస్ ఏంజెలెస్ కేసులోనూ అదే లెక్క. ఆ తీర్పు మరుసటి ఏడాది రాజీలో రద్దయినా, 1,250 ఇళ్లు కట్టేదాకా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు పడుకున్నవాళ్ల జోలికి వెళ్లమని నగరం ఒప్పుకుంది.

2018లో బోయిసీ నగరం మీద పడిన కేసుతో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దీన్ని పడమటి తొమ్మిది రాష్ట్రాలకూ వర్తింపజేసింది. మంచం లేకపోతే శిక్ష లేదు. వినడానికి తేలికే, మరి ఏది మంచం? ప్రార్థనలో కూర్చుంటేనే ఇచ్చే పక్క లెక్కలోకి వస్తుందా? ఇన్ని రోజుల తర్వాత ఖాళీ చేయాలంటే? గ్రాంట్స్ పాస్‌లో ఉన్నది మత సంస్థ నడిపే ఆశ్రయం. దాని షరతుల వల్ల కింది కోర్టు దాన్ని లెక్కలో వేయలేదు.

ఇదే సమస్యపై మన దేశ సుప్రీంకోర్టు ఇంకో దారి పట్టింది. 1985లో బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసులో బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది, అంటూనే నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చంది. నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని 2010లో ఆదేశించింది. కొరత ఉన్నప్పుడు కోర్టులు ఎక్కడైనా లెక్కల్లోకే దిగుతాయేమో.

మళ్లీ అమెరికాకు వస్తే, గ్రాంట్స్ పాస్‌పై 2024 తీర్పు 6-3. ఎనిమిదో సవరణ శిక్ష ఎలా ఉండాలో చెబుతుందే తప్ప ఏది నేరమో చెప్పదని జస్టిస్ నీల్ గోర్సచ్ రాశారు. ఆ నిబంధన సెలవులకొచ్చిన బ్యాక్‌ప్యాకర్‌కూ వర్తిస్తుంది కాబట్టి అది స్థితికి శిక్ష కాదన్నారు. ఆ బ్యాక్‌ప్యాకర్‌కు తిరిగి వెళ్లడానికి ఇల్లుందన్న సంగతి వారికి పెద్దగా పట్టలేదు. నిద్ర శరీరధర్మమని, దాన్ని నేరం చేయకూడదని జస్టిస్ సోనియా సొటొమయోర్ భిన్నాభిప్రాయం రాశారు. 1962 తీర్పును మాత్రం ఎవరూ రద్దు చేయలేదు.

దావాలు ఆగలేదు, దారి మార్చుకున్నాయి. ఇల్లులేనివాళ్ల మీద పెట్టే ఆంక్షలు సహేతుకంగా ఉండాలని ఆరెగాన్ శాసనసభ 2021లోనే చట్టం చేసింది. దాన్నీ, వికలాంగుల హక్కులనూ ఆధారం చేసుకుని 2025 జనవరిలో గ్రాంట్స్ పాస్ మీద రాష్ట్ర కోర్టులో మళ్లీ దావా పడింది. ఆగస్టులో రాజీ కుదిరింది. కనీసం 150 మందికి సరిపడా మకాం స్థలాలు చూపడానికి నగరం ఒప్పుకుంది.