నాడా కింద మచ్చ

నా చదువు తమిళంలో సాగింది, తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941లో మొదలైంది. అక్కడ పాథాలజీ చూసిన డాక్టర్ వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో ఒక వ్యాసం రాశారు. మన దేశపు అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్ల గురించి. అందులో ఒకటి ధోతీ క్యాన్సర్. నడుము మీద చర్మానికి క్యాన్సర్ అంటే ఎవరు నమ్ముతారు? కానీ ధోతీని ఒకేచోట బిగించి ఏళ్ల తరబడి కడితే, చెమటతో, రాపిడితో చర్మం ముందు నల్లబడుతుంది, పొట్టు లేస్తుంది, తర్వాత పుండు పడుతుంది. మానని పుండు కొందరిలో క్యాన్సర్ అవుతుంది. తర్వాత ముంబై డాక్టర్లే ఆడవాళ్లలో చూసి చీర క్యాన్సర్ అన్నారు. 2024లో వార్ధా, బీహార్ డాక్టర్లు ఇద్దరు పెద్దావిడల సంగతి రాశారు. ఒకావిడ లంగా లేకుండా లుగడా నలభై ఏళ్లు బిగించి కట్టింది. ఆమెకు గజ్జ గడ్డకు కూడా పాకింది.

నేత పనివాళ్లకు ఇలాంటి కథ ఇంకొకటి ఉంది. ఇంగ్లాండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో మ్యూల్ యంత్రం మీదికి వంగి పని చేసేవాళ్లకు నూనె బట్టల్లో ఇంకి వృషణాల సంచి చర్మానికి క్యాన్సర్ వచ్చేది. 1922లో మాంచెస్టర్ డాక్టర్లు బయటపెట్టారు. చట్టం 1953లో గానీ రాలేదు! అంతకుముందే, 1775లో, లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ పొగగొట్టాలు తుడిచేవాళ్లలో ఇదే చూసి, తొందరగా కోసి తీసేయాలన్నాడు.

ఇప్పటికీ మందు అదే, కోత. చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. క్యాన్సర్ అయితే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసేస్తారు. గాయం పెద్దదైతే తొడ నుంచి చర్మం తెచ్చి అతుకుతారు. గజ్జల్లో గడ్డలుంటే అవీ తీయాలి. ముందే వస్తే చిన్న కోతతో పోతుంది.

ఇదంతా ఎందుకు వెతికానంటే, మా అత్తమ్మ నడుముకు కుడివైపు పుండు. ఏడాదిగా పసుపు రాసుకుంటూ దాచింది. అల్లుడికి చెప్పే చోటా అది? చీరలు నేసిన ఇంటి ఆడబిడ్డ, నాడా వదులు చేస్తే చీర జారుతుందని ఆమె బాధ. మా ఆవిడ వెడల్పు పట్టీ కుట్టి ఇచ్చింది.

మంగళవారం పరేల్ తీసుకెళ్తున్నాం. బస్సులో ఠాణే, అక్కడి నుంచి స్లో లోకల్. ఫాస్ట్ ఎక్కకండి, అది పరేల్‌లో ఆగదు.